విశాఖపట్నం తీరంలోని యుద్ధకాలపు జలాంతర్గాముల శిథిలాలు

విశాఖపట్నం తీరానికి సమీపంలో, బంగాళాఖాతం అడుగున, రెండు వేర్వేరు యుద్ధాలలో మునిగిన రెండు జలాంతర్గాముల శిథిలాలు ఉన్నాయి. మొదటిది 1944లో మునిగిన జపాను జలాంతర్గామి ఆర్‌ఓ-110. రెండవది 1971 భారత-పాకిస్తాన్ యుద్ధంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి పీఎన్ఎస్ ఘాజీ. రెండింటిలోనూ ఉన్న సిబ్బంది అంతా మరణించారు. అందువలన ఈ శిథిలాలు చారిత్రక అవశేషాలు మాత్రమే కాక సైనికుల సమాధులు కూడా. ఘాజీ మునకకు కారణమేమిటన్న వివాదం నేటికీ తీరలేదు. ఆ కారణం తెలిసిన సాక్షులెవరూ బ్రతికి లేనందున సముద్రగర్భంలోని శిథిలమే ప్రధాన ఆధారంగా మిగిలింది.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో విశాఖపట్నం తూర్పు తీరంలోని ముఖ్యమైన ఓడరేవులలో ఒకటి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. అదే వారంలో జపాను నౌకాదళం బంగాళాఖాతంలో 20కి పైగా వర్తక నౌకలను ముంచివేసింది. ఆ తరువాత ఈ సముద్రంలో వర్తక నౌకలు యుద్ధనౌకల రక్షణలో గుంపులుగా ప్రయాణించేవి. స్వాతంత్ర్యానంతరం విశాఖపట్నం భారత నౌకాదళపు తూర్పు విభాగానికి ప్రధాన స్థావరమయింది.

ఆర్‌ఓ-110

ఆర్‌ఓ-110 సుమారు 61 మీటర్ల పొడవు గల చిన్న తరహా జలాంతర్గామి. ఇది 1943లో జపాను నౌకాదళంలో చేరింది. 1944 ఫిబ్రవరి 11న కొలంబో నుండి కలకత్తా వెళ్తున్న నౌకల గుంపుపై విశాఖపట్నానికి దక్షిణాన దాడి చేసి, 'ఆస్ఫేలియన్' అనే బ్రిటిష్ వర్తక నౌకను టార్పెడోతో కొట్టింది. ఆ నౌక దెబ్బతిన్నది గాని మునిగిపోలేదు. రక్షణగా వస్తున్న రాయల్ ఇండియన్ నేవీ నౌక 'జమ్నా', ఆస్ట్రేలియా నౌకలు 'లాన్సెస్టన్', 'ఇప్స్‌విచ్' కలిసి డెప్త్ చార్జీలతో (నీటిలో నిర్ణీత లోతుకు చేరాక పేలే బాంబులు) జలాంతర్గామిని ముంచివేశాయి.

పీఎన్ఎస్ ఘాజీ

ఘాజీ మొదట అమెరికా నౌకాదళానికి చెందిన 'డయాబ్లో' అనే జలాంతర్గామి. 1944 డిసెంబరులో జలప్రవేశం చేసింది. దీని పొడవు సుమారు 95 మీటర్లు. 1964లో అమెరికా దీనిని పాకిస్తాన్‌కు ఇచ్చింది. 1965 యుద్ధం నాటికి భారత ఉపఖండంలో ఉన్న ఏకైక జలాంతర్గామి ఇదే.

1971 నవంబరు 14న ఘాజీ కరాచీ నుండి బయలుదేరి, భారత ద్వీపకల్పాన్ని చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది. విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచటం, విశాఖపట్నం ఎదుట సముద్రంలో మైన్లు అమర్చటం దాని లక్ష్యాలు. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ముందుగానే విక్రాంత్‌ను అండమాన్ దీవులకు పంపించారు. విక్రాంత్ విశాఖపట్నం వద్దనే ఉన్నదని భ్రమింపజేయటానికి 'రాజ్‌పుత్' అనే పాత డిస్ట్రాయర్ నుండి పెద్ద ఎత్తున వైర్‌లెస్ సందేశాలు పంపించారు.

డిసెంబరు 3 అర్ధరాత్రి సమయంలో రాజ్‌పుత్ రేవు నుండి బయటకు వస్తూ, జలాంతర్గామి ఉన్నదన్న అనుమానంతో డెప్త్ చార్జీలు వదిలింది. కొద్ది సేపటికి పెద్ద పేలుడు శబ్దం తీరం వరకు వినిపించింది. మరునాడు మత్స్యకారులకు నీటిపై తేలుతున్న చమురు, శిథిలాలు కనిపించాయి. ఘాజీలోని 90 మందికి పైగా సిబ్బందిలో ఎవరూ బ్రతకలేదు.

గజ ఈతగాళ్ళ అన్వేషణ

మునిగినది ఘాజీయేనని నిర్ధారించినది నౌకాదళ గజ ఈతగాళ్ళే. 1971లోనే నౌకాదళంలో చేరిన 'నిస్తార్' అనే జలాంతర్గామి రక్షణ నౌక నుండి వారు సముద్రం అడుగుకు దిగారు. పగిలిన దేహం నుండి పటాలు, పత్రాలు వెలికితీశారు. ఘాజీ రాకకు కారణం విక్రాంత్ అని ఈ పత్రాల వలన తెలిసింది. మునిగిన సంగతిని భారత ప్రభుత్వం డిసెంబరు 9న ప్రకటించింది. శిథిలాన్ని పైకి తీస్తామని అమెరికా, సోవియట్ యూనియన్ ముందుకు రాగా భారతదేశం అంగీకరించలేదని చెబుతారు.

2024 ఫిబ్రవరిలో వచ్చిన పత్రికా వార్తల ప్రకారం, నౌకాదళపు లోతు జలాల రక్షణ వాహనం (డీఎస్ఆర్‌వీ) ఘాజీ శిథిలాన్ని తీరానికి రెండు, రెండున్నర కిలోమీటర్ల దూరంలో, సుమారు 100 మీటర్ల లోతున గుర్తించింది. ఆర్‌ఓ-110ను కూడా గుర్తించినట్లు అవే వార్తలు తెలిపాయి. మరణించినవారిపట్ల గౌరవంతో ఘాజీ శిథిలాన్ని తాకలేదని నౌకాదళ వర్గాలు పేర్కొన్నాయి.

మునకకు కారణంపై వాదాలు

రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల వలననే ఘాజీ మునిగిందని భారత నౌకాదళం ప్రకటించింది. జలాంతర్గామిలోని మందుగుండు, లేదా తాను అమర్చిన మైను ప్రమాదవశాత్తు పేలటం వలన మునిగిందని పాకిస్తాన్ వాదన. బ్యాటరీల నుండి వెలువడే హైడ్రోజన్ వాయువు పోగుపడి పేలి ఉండవచ్చునన్నది మూడవ వాదన.

దేహం లోపలికి వంగి ఉంటే బయటి పేలుడును, బయటికి విచ్చుకొని ఉంటే లోపలి పేలుడును అనుమానించవచ్చు. అయితే మొదటి పేలుడు వలన లోపలి టార్పెడోలు కూడా పేలి ఉంటే ఈ గుర్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తూర్పు నౌకాదళం వద్ద ఘాజీ మునకకు సంబంధించిన పత్రాలు లేవని 2010లో పత్రికలలో వార్తలు వచ్చాయి. దీనితో శిథిలానికి ప్రాముఖ్యం మరింత పెరిగింది.

2017లో విడుదలైన తెలుగు చిత్రం 'ఘాజీ'లో ఒక భారత జలాంతర్గామి ఘాజీని ముంచినట్లు చూపారు. ఇది కల్పన. ఘాజీ మునకకు సంబంధించిన పై మూడు వాదాలలో దేనిలోనూ భారత జలాంతర్గామి లేదు.

ఈ లోతులలో దిగటంలోని ఇబ్బందులు

నీటిలో ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 100 మీటర్ల లోతున మనిషిపై ఉపరితలంకంటే 11 రెట్లు పీడనం ఉంటుంది. వినోదం కోసం చేసే స్కూబా డైవింగ్‌కు సాధారణ పరిమితి 40 మీటర్లు. సుమారు 30 మీటర్లు దాటితే గాలిలోని నత్రజని మత్తు కలిగించటం మొదలవుతుంది. అంతకంటే చాలా లోతుకు వెళ్ళేవారు హీలియం కలిపిన వాయువును పీల్చుతారు. పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగుతూ రాకపోతే రక్తంలో బుడగలు ఏర్పడి ప్రాణాపాయం కలుగుతుంది. కనుక రుషికొండ వంటి చోట్ల శిక్షణ పొందే సామాన్య డైవర్లకు ఈ లోతు అందుబాటులో ఉండదు.

ఇతర దేశాలతో పోలిక

యుద్ధనౌకల శిథిలాలను చూడటానికి డైవర్లు వెళ్ళే ప్రసిద్ధ స్థలం స్కాట్లండ్‌లోని స్కాపా ఫ్లో. 1919 జూన్ 21న అక్కడ బందీగా ఉన్న జర్మన్ నౌకలను వాటి సిబ్బందే ముంచివేశారు. వాటిలో చాలా నౌకలను తరువాత పైకి తీశారు. మిగిలిన ఏడు పెద్ద నౌకల వద్దకు చలినుండి కాపాడే దుస్తులు ధరించి డైవర్లు దిగుతారు. అదే ప్రాంతంలో 1939 అక్టోబరు 14న 800 మందికి పైగా నావికులతో మునిగిన 'రాయల్ ఓక్' వద్ద మాత్రం సామాన్య డైవర్లకు ప్రవేశం లేదు. అది చట్టరీత్యా రక్షిత యుద్ధ సమాధి.

2001 నాటి యునెస్కో ఒప్పందం కనీసం 100 సంవత్సరాలు నీటిలో ఉన్న అవశేషాలను సాంస్కృతిక వారసత్వంగా పరిగణిస్తుంది. ఈ లెక్కన ఆర్‌ఓ-110 2044లో, ఘాజీ 2071లో ఆ వయసుకు చేరుతాయి. అప్పటివరకు ఇవి ఆ నిర్వచనంలోకి రావు.

స్మారకాలు

1971 విజయానికి గుర్తుగా విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో 'విక్టరీ ఎట్ సీ' స్మారకాన్ని నిర్మించారు. సమీపంలోనే 2002 నుండి కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల ఉంది. ఘాజీని నిర్ధారించిన మొదటి నిస్తార్ 1989లో సేవ నుండి విరమించింది. అదే పేరుతో హిందుస్తాన్ షిప్‌యార్డులో నిర్మించిన కొత్త నౌక 2025 జూలై 18న విశాఖపట్నంలో నౌకాదళంలో చేరింది. దీని నుండి డైవర్లు 300 మీటర్ల లోతు వరకు దిగి పనిచేయవచ్చు. ప్రమాదంలో చిక్కిన జలాంతర్గాములలోని సిబ్బందిని కాపాడటంలో తోడ్పడటం దీని ముఖ్య విధి.