మేనమామ ఒడి, పుట్టింటి గడప: నల్లగొండ, పాలమూరు మిశ్రమ కుటుంబాల్లో ఆచారాల వారసత్వం

తల్లిదండ్రులవి వేర్వేరు మతాలో తెగలో కులాలో అయినప్పుడు పిల్లలకు ఎవరి ఆచారం అందుతుందన్న ప్రశ్నను మనం సాధారణంగా విశ్వాసాల మధ్య తగవుగా చూస్తాం. ఏ దేవుడికి మొక్కాలి, ఏ పేరు పెట్టాలి అన్నచోటే ఇల్లు రెండుగా చీలుతుందనుకుంటాం. దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతపు అనుభవం దీనికి భిన్నంగా ఉంది. ఇక్కడ ఆచారం తెగేది ఒకే ఇంట్లో రెండు నమ్మకాలు పొసగక కాదు, దంపతుల్లో ఒకరి పుట్టింటి తలుపు మూసుకుపోయినందువల్ల. ఈ వ్యాసం చేసే వాదన ఇదే.

నమ్మకాల తేడాయే అసలు అడ్డంకి అయితే జాన్‌పహాడ్ సైదులు దర్గా మనకు అర్థం కాదు. పూర్వపు నల్లగొండ జిల్లాలో ఉండి ఇప్పుడు సూర్యాపేట జిల్లాలోకి వెళ్లిన పాలకీడు మండలంలో ఏటా జనవరిలో జరిగే ఆ ఉర్సుకు హిందూ కుటుంబాలు పెద్ద సంఖ్యలో వస్తాయి. మొక్కు తీరినవాళ్లు కందూరు చేస్తారు. మేకపోతునో కోడినో కోయించి, అక్కడే పొయ్యి పెట్టి వండి, చుట్టాలకు పెట్టి తామూ తింటారు. మొక్కు ఫలించి పుట్టిన బిడ్డకు సైదులు అనో సైదమ్మ అనో పేరు పెడతారు. సైదులు పేరున్న మనిషి శివరాత్రికి ఒక్కపొద్దు ఉంటే ఊళ్లో ఎవరికీ వింతగా తోచదు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఇన్ముల్‌నర్వ జహంగీర్ పీర్ దర్గాకూ అన్ని మతాలవాళ్లూ వెళ్తారు. ఇక పీర్ల పండుగలో పీర్లను ఎత్తుకునేవాళ్లు చాలా ఊళ్లలో హిందువులే. రెండు సంప్రదాయాలను ఒకే ఇంట్లో నడపడం ఈ నేలకు కొత్త విద్యేమీ కాదు.

ఈ ఆధారం మీద గట్టి అభ్యంతరమే ఉంది. పీర్ల గుండం చుట్టూ కలిసి ఆడినవాళ్లు పిల్లనిచ్చి పుచ్చుకోలేదు కదా, పండుగ పంచుకున్నంత మాత్రాన కులం కరిగిందా? కరగలేదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ని, పెద్దకులపు అమ్మాయిని పెళ్లాడినందుకు, గర్భవతి అయిన ఆమె కళ్లముందే కిరాయి హంతకుడితో నరికించారు. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఆ కత్తి లేచింది ఏ పూజ గురించీ కాదు, ఎవరు ఎవరికి అల్లుడు కావచ్చన్న దాని గురించి. ఈ అభ్యంతరం వాదనను దెబ్బతీయకపోగా దానికి పదును పెడుతోంది. దేవుణ్ని పంచుకోవడానికి సిద్ధపడ్డ సమాజం బంధుత్వాన్ని పంచుకోవడానికి సిద్ధపడలేదు.

బంధుత్వం లేకపోతే ఆచారానికి ఏమవుతుందో పుట్టువెంట్రుకల నాడు తెలిసిపోతుంది. బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకోవాల్సింది మేనమామ. చెవులు కుట్టించేటప్పుడూ అతనే ఉండాలి. ఆడబిడ్డకు ఒడిబియ్యం పోయాల్సింది పుట్టింటివాళ్లు. బతుకమ్మకు ఆమె చేరుకోవాల్సింది తల్లిగారిల్లు. ఈ తంతుల్లో ఏ ఒక్కటీ దంపతులిద్దరే ఇంట్లో కూర్చొని జరుపుకునేది కాదు. అటువైపు మనుషులు రాకపోతే తల్లి మనసులో ఎంత భక్తి ఉన్నా బిడ్డ దాకా చేరేది కొంతే. లంబాడ తండాల్లోనూ అంతే. తీజ్ పండుగలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి నింపి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ పాడతారు. ఆ పాట గోర్‌బోలిలో ఉంటుంది, పక్కనున్న పిల్ల నోటి నుంచి వస్తుంది. దేవరకొండ వైపు తండాలో పుట్టి బయటి వ్యక్తిని చేసుకున్న స్త్రీ తన కూతురికి ఒంటరిగా ఆ భాష నేర్పగలదేమో గాని, నీళ్లు పోసే పిల్లల గుంపును ఎక్కడినుంచి తేగలదు?

పెద్దయ్యాక పిల్లలే తమ దారి ఎంచుకుంటారు, ముందే ఏదీ నేర్పనక్కర్లేదన్న మాట చదువుకున్న దంపతుల్లో తరచుగా వినిపిస్తుంది. అది మంచి మనసుతో అన్న మాటే. విశ్వాసం విషయంలో నిలుస్తుంది కూడా. పాటకూ భాషకూ వరసలకూ మాత్రం వర్తించదు. పద్దెనిమిదేళ్లు వచ్చాక ఎంచుకోవాలంటే అప్పటికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. మేనమామ పాత్రను ఎత్తిపట్టడం పితృస్వామ్య పద్ధతినీ కులాన్నీ తిరిగి నిలబెట్టడమే కాదా అని స్త్రీవాదులు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ నేను మేనమామే కావాలనడం లేదు. తల్లివైపు నుంచి ఎవరో ఒకరు వచ్చి ఆ చోట కూర్చోవాలంటున్నాను. పురోహితుడు లేకుండా దండలు మార్చుకునే పెళ్లిళ్లు తెలిసిన నల్లగొండలో ఆ చోట పిన్ని కూర్చోవచ్చు, తల్లి స్నేహితురాలు కూర్చోవచ్చు. అది ఖాళీగా మిగలకపోవడమే ముఖ్యం.

బిడ్డ పెంపకంలో తల్లివైపు మనుషుల ప్రాధాన్యాన్ని చట్టం కూడా కొంత గుర్తించింది. గుజరాత్‌కు చెందిన రమేశ్‌భాయ్ దభాయ్ నాయకా కేసులో 2012లో సుప్రీంకోర్టు, బిడ్డకు తండ్రి కులమే వస్తుందన్న ఊహ ఉన్నా అది తుదిమాట కాదంది. బిడ్డ తల్లి దగ్గర ఆమె సమాజంలోనే పెరిగి, వాళ్ల లేమిని అనుభవించి, వాళ్లు తమవాడిగా చూసుకుంటే దాన్ని సాక్ష్యంతో రుజువు చేసుకోవచ్చంది. లంబాడ తల్లికి పుట్టిన బిడ్డ ధ్రువపత్రం అడిగినప్పుడు, విచారణకు వెళ్లే రెవెన్యూ ఉద్యోగి తండ్రి కాగితాల దగ్గరే ఆగకూడదు. తండాకు వెళ్లి, ఈ పిల్ల తీజ్ బుట్టకు నీళ్లు పోసిందా, పండుగకు ఎవరింట్లో దిగింది, ఎవరిని మామా అని పిలుస్తోంది అని అడగాలి.