గ్రహాంతరవాసుల ఏలుబడిలో మానవజాతి (వైజ్ఞానిక కల్పన)

గ్రహాంతరవాసుల ఏలుబడిలో మానవజాతి అనేది వైజ్ఞానిక కల్పనా సాహిత్యంలో (సైన్స్ ఫిక్షన్‌లో) తరచుగా కనిపించే ఒక ఇతివృత్తం. వేరొక గ్రహం నుండి వచ్చిన జీవులు భూమిని జయించి, లేదా యుద్ధంతో పనిలేకుండానే వశపరచుకొని, మానవులను పాలించడం ఈ కథలలోని ప్రధానాంశం. గ్రహాంతర దండయాత్ర కథలకూ వీటికీ దగ్గరి చుట్టరికం ఉన్నా, రెండూ ఒకటి కావు. దండయాత్ర కథలో గెలుపు ఎవరిదన్నదే ప్రశ్న. ఏలుబడి కథలో యుద్ధం అప్పటికే ముగిసి ఉంటుంది. ఓడినవారు ఎలా బ్రతుకుతారు, ఎవరు లొంగుతారు, ఎవరు ఎదిరిస్తారు, పాలకుడు మంచివాడైతే పరాయి పాలన సమ్మతమేనా అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

ఆవిర్భావం

ఈ ఇతివృత్తానికి మూలం ఆంగ్ల రచయిత హెచ్.జి.వెల్స్ నవల "ది వార్ ఆఫ్ ది వరల్డ్స్"లో కనిపిస్తుంది. ఇది 1897లో పియర్సన్స్ మ్యాగజైన్‌లో ధారావాహికగా వెలువడి, 1898లో పుస్తకంగా వచ్చింది. బ్రిటిష్ సామ్రాజ్యం ఉచ్చస్థితిలో ఉన్న కాలమది. అంగారకుడి నుండి వచ్చిన జీవులు ఆ సామ్రాజ్యపు రాజధాని లండన్ నగరాన్నే ధ్వంసం చేస్తారు.

ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మానియా దీవిలోని ఆదివాసులకు ఐరోపా వలసదారుల చేతిలో పట్టిన గతిని వెల్స్ మొదటి అధ్యాయంలోనే గుర్తుచేస్తాడు. అంగారకులను నిందించే ముందు మనం చేసినదేమిటో తలచుకోవాలన్నది ఆయన వాదన. ఆ జాతి పూర్తిగా అంతరించిందని వెల్స్ భావించాడు కానీ, వారి సంతతివారు నేటికీ ఉన్నారు. ఈ నవలకు మూలమైన ఆలోచన తన సోదరుడు ఫ్రాంక్‌దని వెల్స్ అంకితంలో పేర్కొన్నాడు.

ఈ నవలలో సూక్ష్మజీవుల వలన అంగారకులు నశిస్తారు గనుక వారి పాలన స్థిరపడదు. అయితే ఒక ఫిరంగిదళ సైనికుడు రాబోయే కాలాన్ని ఊహించి చెబుతాడు. కొందరు మనుషులు పెంపుడు జంతువులవలె సుఖంగా ఉంటారని, కొందరు తోటి మనుషులను వేటాడటానికి శిక్షణ పొందుతారని, కొందరు భూగర్భపు కాలువలలో దాగి పోరాడతారని అతని అంచనా. తరువాతి రచయితలు విస్తరించిన పాత్రలన్నీ ఇంచుమించు ఈ ఒక్క సంభాషణలోనే ఉన్నాయి.

సాధారణ లక్షణాలు

ఈ కోవకు చెందిన రచనలలో కొన్ని అంశాలు పదేపదే కనిపిస్తాయి.

* సహకరించేవారు: పాలకుల తరఫున తోటివారిని అదుపు చేసే మనుషులు. ప్రాణభయం, పదవి, తమవారిని కాపాడుకోవాలన్న ఆశ ఇందుకు కారణాలు.
* ప్రతిఘటన: కొండలలోనో, శిథిలాలలోనో దాగి పోరాడే చిన్న బృందాలు.
* మనసుపై అదుపు: ఆయుధాలకంటే ఆలోచనను లోబరచుకోవడమే పాలకులకు చౌక.
* దోపిడీ: నీరు, ఖనిజాలు, శ్రమ, చివరకు మానవ దేహమే పాలకులకు వనరు కావడం.

కఠిన పాలకుల కథలు

జాన్ క్రిస్టఫర్ (అసలు పేరు శామ్ యూడ్) బాలల కోసం వ్రాసిన "ది ట్రైపాడ్స్" నవలాత్రయం 1967, 1968 సంవత్సరాలలో వెలువడింది. ఇందులో భూమిని మూడు కాళ్ళ యంత్రాలు ఏలుతుంటాయి. ప్రజలు పల్లెలలో, చిన్న పట్టణాలలో ప్రశాంతంగా జీవిస్తుంటారు. పిల్లలకు పద్నాలుగవ ఏట తలకు ఒక లోహపు తొడుగు అమర్చుతారు. ఆపైన వారికి ఎదిరించాలన్న ఆలోచనే రాదు. తొడుగు వేసే రోజు ఊరికి పండుగ; తల్లిదండ్రులే పిల్లలను సిద్ధం చేస్తారు. బానిసత్వం ఆచారంగా మారిన తీరును బాలలకు అర్థమయ్యేలా చూపడం ఈ రచన ప్రత్యేకత. చివర పాలకులు ఓడిపోయినా, విముక్తి పొందిన దేశాలు మళ్ళీ కలహించుకోవడం మొదలుపెడతాయి. 1988లో దీనికి పూర్వకథ వెలువడింది. బీబీసీ 1984-85లో దీనిని రెండు భాగాల ధారావాహికగా ప్రసారం చేసింది. మూడవ భాగం నిర్మాణం కాలేదు.

బీబీసీ ధారావాహిక "డాక్టర్ హూ"లో 1964లో వచ్చిన "ది డాలెక్ ఇన్వేషన్ ఆఫ్ ఎర్త్" కథలో 22వ శతాబ్దపు లండన్ డాలెక్‌ల వశంలో ఉంటుంది. బందీలను మరమనుషులవలె మార్చి వారిచేతనే ఇతర బందీలకు కాపలా పెట్టిస్తారు.

అమెరికాలో కెన్నెత్ జాన్సన్ 1983లో రూపొందించిన "వి" అనే లఘు ధారావాహికకు సింక్లెయిర్ లూయిస్ 1935లో ప్రచురించిన "ఇట్ కాంట్ హ్యాపెన్ హియర్" నవల ప్రేరణ. అమెరికాలో నియంతృత్వం ఎలా రాగలదో ఆ నవల చిత్రించింది. "వి"లో గ్రహాంతరవాసులు మనుషుల రూపంలో స్నేహితులుగా వస్తారు. మొదట శాస్త్రవేత్తలపై అనుమానం రేపి, వారిని వేటాడతారు. నాజీల అత్యాచారాల నుండి బ్రతికి బయటపడిన ఒక వృద్ధుడు జరుగుతున్నదేమిటో ముందుగా గ్రహించి, పిల్లలకు గోడలపై విజయ చిహ్నం వ్రాయడం నేర్పుతాడు.

దయగల పాలకుల కథలు

ఆర్థర్ సి. క్లార్క్ నవల "చైల్డ్‌హుడ్స్ ఎండ్" (1953) ఈ ఇతివృత్తాన్ని తలక్రిందులు చేసింది. మహానగరాలపై ఆకాశనౌకలు నిలుస్తాయి. ఓవర్‌లార్డ్స్ అనే ఆ పాలకులు యుద్ధాలను, పేదరికాన్ని రూపుమాపుతారు. జంతుహింసను కూడా సహించరు. కానీ మానవులు నక్షత్రలోకానికి వెళ్ళకూడదని నిషేధిస్తారు. సుఖం పెరిగిన కొద్దీ కళలు, శాస్త్రాన్వేషణ మందగిస్తాయి. చివరకు పిల్లలు మనుషులు కాని మరొక స్థితికి పరిణమించి, ఒక విశ్వచైతన్యంలో లీనమవుతారు. పాలకులు కూడా ఆ చైతన్యానికి సేవకులేనని, వారికి ఆ పరిణామం పొందే భాగ్యం లేదని తెలుస్తుంది. అన్నీ ఇచ్చి, భవిష్యత్తును మాత్రం తామే నిర్ణయించిన పాలన మేలా, కీడా అన్న ప్రశ్నను క్లార్క్ పాఠకునికే వదిలివేశాడు.

ఆఫ్రికన్ అమెరికన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ రచించిన మూడు నవలలు (డాన్ - 1987, అడల్ట్‌హుడ్ రైట్స్ - 1988, ఇమాగో - 1989) ఇదే ప్రశ్నను మరింత సూటిగా వేశాయి. అణుయుద్ధంలో నశిస్తున్న మానవులను ఓంకాలీ అనే జీవులు కాపాడతారు. ప్రతిఫలంగా తమతో కలసి సంతానాన్ని కనాలంటారు. కాదన్నవారికి భూమిపై సంతానయోగం ఉండదు. కథానాయిక లిలిత్ బ్రతకడానికి ఒప్పుకుంటుంది గానీ, తనవారి దృష్టిలో ద్రోహిగా మిగులుతుంది. ప్రాణదాతకు మన ఇష్టాన్ని అడగకుండా నిర్ణయించే హక్కు ఉన్నదా అన్నది ఈ నవలల సారం.

వ్యంగ్య రచనలు

విలియం టెన్ (అసలు పేరు ఫిలిప్ క్లాస్) వ్రాసిన "ది లిబరేషన్ ఆఫ్ ఎర్త్" (1953) కథలో రెండు గ్రహాంతర జాతులు భూమిని వంతులవారీగా 'విముక్తి' చేస్తూ పోతాయి. చివరకు పాడైన భూగోళం, ఊపిరాడని కొద్దిమంది మనుషులు మిగులుతారు. కొరియా యుద్ధ కాలంలో వచ్చిన కథ ఇది.

సోవియట్ రచయితలైన స్ట్రుగాట్‌స్కీ సోదరులు 1967లో ప్రచురించిన "అంగారకుల రెండవ దండయాత్ర" మరొక మేలైన ఉదాహరణ. కథకుడు అపోలో పదవీవిరమణ చేసిన ఖగోళశాస్త్ర ఉపాధ్యాయుడు. ప్రభుత్వం మారిందని తెలిసినపుడు అతని దిగులంతా తన పింఛను గురించే. అంగారకులు తుపాకులతో రారు. మనుషుల జఠరరసాన్ని డబ్బిచ్చి కొంటారు. బ్రతుకు సాఫీగా సాగితే చాలునని ఊరివారు సమాధానపడతారు. వెల్స్ అంగారకులు అగ్నికిరణంతో చేయలేని పనిని వీరు చిల్లర డబ్బుతో చేస్తారు.

ఇతర మాధ్యమాలు

జాన్ కార్పెంటర్ చిత్రం "దే లివ్" (1988)లో ఒక ప్రత్యేకమైన కళ్ళజోడు పెట్టుకుంటేనే పాలకుల అసలు రూపం కనిపిస్తుంది. "హాఫ్-లైఫ్ 2" (2004) వీడియో గేమ్‌లో ఒక మానవుడే పాలకుల ప్రతినిధిగా తెరలపై ప్రసంగిస్తుంటాడు. "ఫాలింగ్ స్కైస్" (2011-2015), "కాలనీ" (2016-2018) టీవీ ధారావాహికలు, "క్యాప్టివ్ స్టేట్" (2019) చలనచిత్రం కూడా ఈ కోవలోనివే.

ప్రాముఖ్యత, విమర్శ

ఈ కథలు గ్రహాంతరవాసుల గురించి చెప్పేదానికంటే వలసపాలన గురించి చెప్పేది ఎక్కువ. శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ కూడా 2010లో గ్రహాంతరవాసుల రాకను కొలంబస్ అమెరికాలో అడుగుపెట్టడంతో పోల్చి, అది స్థానికులకు మేలు చేయలేదని హెచ్చరించాడు. మీ మేలు కోసమే ఏలుతున్నామన్న మాట భారతదేశం వంటి దేశాల పాఠకులకు కొత్తది కాదు.

అయితే వీటిలో ఒక లోపం కూడా ఉన్నది. ఎక్కువ కథలలో కష్టపడేది లండన్, లాస్ ఏంజెల్స్ వంటి నగరాలవారు. నిజంగా వలసపాలన అనుభవించిన జాతులకు చోటు తక్కువ. విముక్తి కూడా తరచుగా ఒక సూక్ష్మజీవి వల్లనో, ఒక్క సాహసం వల్లనో లభిస్తుంది. చరిత్రలో అది తరాల తరబడి సాగిన పోరాటాల వలన వచ్చింది. క్రిస్టఫర్, బట్లర్ వంటివారి రచనలు నిలిచి ఉండటానికి కారణం, పాలకుడిని ఓడించడంకన్నా పాలితుని మనసును అర్థం చేసుకోవడం కష్టమని అవి గుర్తించడమే.

ఇవి కూడా చూడండి

* వైజ్ఞానిక కల్పన
* హెచ్.జి.వెల్స్
* ఆర్థర్ సి. క్లార్క్
* వలసవాదం
* అంగారకుడు