కర్త లేని వార్త

తెలుగు వ్యాకరణంలో కర్త, కర్మ, క్రియ అని చదువుకున్నాం కదా. దళితవాడ మీద దాడి జరిగిన మర్నాడు వార్త చూడండి. "ఘర్షణలో ముగ్గురు మృతి" అని ఉంటుంది. చచ్చినవాళ్లున్నారు. చంపినవాళ్లేరీ? పైగా "ఘర్షణ" అనగానే ఇరువైపులా కొట్టుకున్నట్టు అర్థం వస్తుంది. ఈ కర్త లేని వాక్యానికి పెద్ద చరిత్రే ఉంది మిత్రులారా.

1920 జనవరి 31న అంబేడ్కర్ మరాఠీలో 'మూక్‌నాయక్' పక్షపత్రిక మొదలుపెట్టారు. నోరులేనివాళ్ల నాయకుడని దాని అర్థం. కొల్హాపూర్ షాహూ మహారాజ్ ఇచ్చిన 2,500 రూపాయలు దానికి ఆసరా. 1927 మార్చిలో మహద్ చెరువు నీళ్లు తాగినందుకు మనవాళ్లని కొట్టారు. ఏప్రిల్ 3 కల్లా 'బహిష్కృత భారత్' వచ్చింది. మన దెబ్బల గురించి కొట్టినవాళ్ల పత్రికలు చెప్పేదే చరిత్రగా మిగిలిపోకూడదనే ఆ తొందర.

ఎనభై ఏళ్లు గడిచాయి. 2006 సెప్టెంబర్ 29. మహారాష్ట్ర భండారా జిల్లా ఖైర్లాంజీ. భోత్మాంగే కుటుంబంలో తల్లినీ, కూతురినీ, ఇద్దరు కొడుకులనీ చంపేశారు. సొంత భూమి ఉన్న కుటుంబం. పిల్లల్ని చదివించుకుంటున్న కుటుంబం. అంతకుముందు జరిగిన ఒక దాడి కేసులో సాక్ష్యం చెప్పిన కుటుంబం. మొదటి వార్తలు ఏం రాశాయి? అక్రమ సంబంధం మీద గ్రామస్తుల కోపం అని. కులం మాయం. దోషి "గ్రామస్తులు".

నిజనిర్ధారణకు వెళ్లినవాళ్ల నివేదికలు బ్లాగుల్లో, ఈమెయిళ్లలో చేతులు మారాయి. నవంబర్‌లో విదర్భలో దళితులు రోడ్డెక్కారు. అప్పుడు గానీ పెద్ద మీడియా కదలలేదు. 2008లో ట్రయల్ కోర్టు ఆరుగురికి ఉరిశిక్ష, ఇద్దరికి యావజ్జీవం వేసింది. కానీ అట్రాసిటీ చట్టం వర్తించదంది. 2010లో హైకోర్టు ఉరిని 25 ఏళ్ల జైలుగా మార్చింది. ఇది పగతో చేసిన హత్య, కులం వల్ల కాదు అంది. మొదటి రోజు వార్తలో మాయమైన కులం తీర్పులో కూడా కనిపించలేదు. వార్త వల్లే తీర్పు అలా వచ్చిందని నేననను. రెండూ ఒకే కళ్లతో చూశాయంటాను.

అదే 2006లో జేకబ్ నీల్సన్ బృందం 232 మంది చూపుల్ని యంత్రంతో గమనించింది. తెర మీద జనం పై వరుసలు కాస్త చదువుతారు, తర్వాత ఎడమ అంచు వెంట కిందికి జారిపోతారు అని తేల్చింది. అంటే ఫోన్‌లో నాలుగో పేరాలో దాచిన కులం ఎవరి కంటా పడదు.

ఈ పని చేసి చూపించినవాళ్లున్నారు. 2002లో ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో 'ఖబర్ లహరియా' పుట్టింది. ఎక్కువమంది దళిత మహిళలే నడిపిన పత్రిక. బుందేలీలో, తమ ఊళ్ల మాటలో రాశారు. తర్వాత ఫోన్లు పట్టుకుని వీడియో వార్తలకు మారారు. వాళ్ల మీద తీసిన డాక్యుమెంటరీ 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

ఇప్పుడు మీ చేతిలోనూ ఫోన్ ఉంది. రాసేటప్పుడు ఇవి మర్చిపోకండి.

మొదటి వాక్యంలోనే ఎవరు, ఎవర్ని, ఎక్కడ, ఎప్పుడు అన్నది రావాలి. రెండువైపులా కులం చెప్పండి. నేరం రుజువయ్యేదాకా "నిందితులు" అనే రాయండి. కర్తను చెప్పడానికి అబద్ధం అక్కర్లేదు.

కోపం తర్వాత, వివరం ముందు. ఎఫ్‌ఐఆర్ అయిందా? అందులో అట్రాసిటీ సెక్షన్లు ఉన్నాయా? 1995 నిబంధనల ప్రకారం డీఎస్పీ స్థాయి అధికారే దర్యాప్తు చెయ్యాలి. చేస్తున్నారా? ఈ మూడు ప్రశ్నలు ఏ విశేషణం కంటే పదునైనవి.

లైంగిక దాడి జరిగితే బాధితురాలి పేరు, ఫొటో, గుర్తుపట్టే వివరం పెట్టకండి. అది చట్టరీత్యా నేరం. మన అక్కచెల్లెళ్లకి మనమే చేసే ద్రోహం కూడా.

పాత ఫొటోని కొత్త సంఘటనకి తగిలించకండి. ఒక్క తప్పు దొరికితే మొత్తం దాడినే అబద్ధం అంటారు.

చివరిగా, వారం తర్వాత మళ్లీ రాయండి. మూడు నెలలకి మళ్లీ రాయండి. కేసులు నీరుగారేది ఎవరూ చూడనప్పుడే.

జై భీమ్!