గోబ్లాఁ మగ్గాలు, రాజుల కానుకలు

పారిస్ 13వ వార్డులో మేముంటున్న గోబ్లాఁ పేటకు ఆ పేరు అద్దకం పనివాళ్ల వల్ల వచ్చింది. 15వ శతాబ్దంలో జెహాన్ గోబ్లాఁ అనే రంగరేజు బియేవ్ర్ వాగు ఒడ్డున కాగులు పెట్టాడు. అతని కుటుంబం అద్దే ఎర్రరంగు పేరుమోసింది. నగరంలో ఆ వాగును 1912 నాటికి పూర్తిగా కప్పేశారు. ఇప్పటి గోబ్లాఁ నేతశాల వెనక బెర్బియే-ద్యు-మెస్ వీధిలో నడిచేవాళ్లు దాని మీదే నడుస్తున్నారు.

1662లో పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ అద్దకం సాగిన ఆ స్థలం కొని, నగరంలో చెదిరి ఉన్న మగ్గాలను ఇక్కడికి చేర్చాడు. చిత్రకారుడు షార్ల్ లె బ్రున్‌ను అధిపతిగా నియమించాడు. గోడ నిండా పరుచుకునే బొమ్మల తెరలను ఉన్నితో, పట్టుతో నేసేవారు. నిలువు మగ్గం వెనక కూర్చున్న నేతగాడు పడుగు సందుల్లో రంగురంగుల పేక దూరుస్తూ, ముందువైపు బొమ్మ ఎలా వస్తోందో అద్దంలో చూసుకుంటాడు. పెద్ద తెర దిగడానికి ఏళ్లు పట్టేది. రాజులు కానుకగా ఇచ్చే అలాంటి తెర విలువ ఆ పనితనంలోనే ఉందని నా నమ్మకం. విప్లవం తర్వాత 1797లో జరీ ఉన్న పాత తెరలు కొన్నిటిని బంగారం, వెండి కోసం కాల్చేశారు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

రాజులు తెరలు బహూకరించడమే కాదు, వచ్చిన అతిథులకు మగ్గాలనూ చూపించేవారు. 1686లో సయాం రాయబారులు చూసి వెళ్లారు. మన మచిలీపట్నం వంటి రేవుల నుంచి వచ్చే అద్దకం బట్టలను ఫ్రాన్సు నిషేధించింది కూడా ఆ ఏడే. సొంత పట్టు, ఉన్ని పరిశ్రమలను కాపాడుకోవాలని. 1717లో రష్యా జార్ పీటర్ వచ్చినప్పుడు, చిత్రకారుడు జువెనే బొమ్మలను బట్టి నేసిన క్రీస్తు కథల తెరలు ఇచ్చారు. పీటర్ వాటితో సరిపెట్టుకోలేదు. ఆ రోజుల్లోనే ఫ్రెంచి నేతగాళ్లను రప్పించి పీటర్స్‌బర్గ్‌లో తన సొంత నేతశాల పెట్టించాడు. తెర కన్నా నేసే చేయి గొప్పదని గుర్తించిన రాజు కాబట్టి అతనంటే నాకు గౌరవం.

చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్‌కు పదిహేనో లూయీ పంపిన తెరలు మాత్రం బోవే పట్నంలో నేసినవి. చైనా ఎన్నడూ చూడని చిత్రకారుడు బూషే ఊహించి గీసిన చైనా దృశ్యాలే అవి! రెండో ప్రపంచయుద్ధంలో బోవే నేతశాల భవనం కూలిపోయాక, అక్కడి పని మా పేటకే తరలివచ్చింది. ఇప్పటికీ ఇక్కడ నేసినవి అంగడికి పోవు. ప్రభుత్వ భవనాలకూ, విదేశాల్లోని ఫ్రెంచి రాయబార కార్యాలయాలకూ వెళ్తాయి.