బూట్ల గురించి అడగడానికి వందేళ్లు

2015–16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. 13 నుంచి 17 ఏళ్ల వయసువాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని ఆ సర్వే తేల్చింది. పన్నెండు రాష్ట్రాలు తిరిగారు. అందులో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. నర్సాపూర్ దాటి మెదక్ వెళ్లే దారిలో వచ్చే కౌడిపల్లిలో, దాని చుట్టూ ఉన్న తండాల్లో పెరిగే పిల్లల మనసు ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఆ సర్వే నుంచి చూపించగలిగేది వేరే రాష్ట్రాల పిల్లల లెక్కే. పల్లె పిల్లల మనసు దాకా ఈ శాస్త్రం రావడానికి ఎందుకింత కాలం పట్టిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

కౌమారాన్ని విడిగా ఒక దశగా చూపిస్తూ అమెరికాలో స్టాన్లీ హాల్ పెద్ద గ్రంథం వేసింది 1904లో. ఆ వయసంతా అలజడేనని ఆయన నమ్మకం. మన దేశంలో ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రం 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో మొదలై, 1924లో మైసూరు చేరింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె. రామకృష్ణారావు ఆ శాఖను నెలకొల్పింది 1967లో. దాని పేరులోనే పరామనస్తత్వశాస్త్రం కూడా ఉండేది. ఆయన ఆసక్తి ఎక్కువగా అటువైపే.

ఆ తర్వాతి దశాబ్దాల్లో విద్యార్థుల మీద జరిగిన పరిశోధనల్లో ఎక్కువగా కనిపించేది సర్దుబాటు ప్రశ్నావళి. 1934లో హ్యూ బెల్ తయారుచేసిన నమూనా మన దేశానికీ వచ్చింది. తర్వాత ఎ.కె.పి. సిన్హా, ఆర్.పి. సింగ్ ఇక్కడి బడిపిల్లల కోసం అరవై ప్రశ్నలతో మరొకటి రూపొందించారు. ఉద్వేగాల్లో, నలుగురితో మెలగడంలో, చదువులో పిల్లవాడు ఎంత సర్దుకుపోతున్నాడో అవునూ కాదులతో లెక్కగట్టేవారు. బీఈడీ, ఎంఈడీ చదివినవాళ్లకు ఇది బాగా తెలిసిన పరికరమే. అది పనికిరానిదని నేను అనను. కానీ అందులో మార్కు సరిగ్గా రాకపోతే లోపం పిల్లవాడి ఖాతాలో పడేది. బడి ఎలా ఉంది, అయ్యవారు కొడుతున్నాడా, ఇంట్లో తిండి ఉందా అన్నవి లెక్కలోకి వచ్చేవి కావు.

ఆ ప్రశ్నలు వేయడం తప్పనిసరైంది జూనియర్ కాలేజీల్లో పిల్లలు ప్రాణాలు తీసుకోవడం మొదలయ్యాకే. 2001లో ప్రొఫెసర్ నీరదా రెడ్డి కమిటీ, 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ కార్పొరేట్ కాలేజీల లోపలికి చూశాయి. ఆ రెండింటి నడుమ ఎందరు తల్లిదండ్రులు హాస్టల్ గేటు దగ్గర కుప్పకూలారో! 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. బిడ్డలు పోయాక వేసే కమిటీ బిడ్డలు బతికుండగా ఎందుకు వెయ్యరన్నది నన్ను ఇప్పటికీ తొలిచే ప్రశ్న.

బతికున్న పిల్లలనే ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చిన పరిశోధన మన నేల మీదే ఒకటి జరిగింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన 'యంగ్ లైవ్స్' అది. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకున్నారు. 2001–02లో పుట్టినవాళ్లు రెండు వేల మంది, 1994–95లో పుట్టినవాళ్లు వెయ్యి మంది. 2002లో మొదలుపెట్టి కొన్నేళ్లకోసారి ఆ పిల్లల దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లారు. హైదరాబాద్‌లోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్), తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇందులో పాలుపంచుకున్నాయి. తెలంగాణ నుంచి హైదరాబాద్, మహబూబ్‌నగర్, కరీంనగర్ జిల్లాలు చేరాయి. మెదక్ లేదు. అయినా ఆ పిల్లల మాటల్లో కౌడిపల్లి మండలం పిల్లల బతుకు ఆనవాళ్లు కనిపిస్తాయి.

2006లో, పెద్ద పిల్లలకు పన్నెండేళ్లప్పుడు, వాళ్ల ముందు తొమ్మిది మెట్ల నిచ్చెన బొమ్మ పెట్టారు. అట్టడుగు మెట్టు అన్నిటికంటే అధ్వానమైన బతుకు, పై మెట్టు అన్నిటికంటే మంచి బతుకు. ఇప్పుడు నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావు? నాలుగేళ్లకు ఎక్కడుంటావు? ఆ తర్వాత మరికొన్ని: నీ బట్టలు చూసుకుంటే గర్వంగా ఉంటుందా? నీ బూట్లు? పుస్తకం, పెన్సిలు లేక బడిలో ఎప్పుడైనా సిగ్గుపడ్డావా? యూనిఫాం సరిగా లేదని దిగులుందా? నీ రోజు ఎలా గడవాలో ఇంట్లోవాళ్లే నిర్ణయిస్తారా? తండా నుంచి చెప్పులు లేకుండా బడికి నడిచిన ఎవరికైనా ఈ ప్రశ్నలు ఎక్కడ తగులుతాయో విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంటి పేదరికానికీ పిల్లల ఆత్మగౌరవానికీ, తన చేతిలో ఏదో ఉందన్న నమ్మకానికీ గట్టి ముడి ఉందని 2009లో స్టీఫన్ డెర్కన్, ప్రమీలా కృష్ణన్ ఈ జవాబుల నుంచే చూపించారు.

అంకెలకు అందనిది మాటల్లో దొరికింది. పత్తి విత్తనాల చేలల్లో పూలకు పుప్పొడి అద్దే పిల్లలతో వర్జీనియా మారో, ఉమా వెన్నం కూర్చుని మాట్లాడారు. సీజనంతా బడి పోయి చదువులో వెనకబడుతున్నామన్న బాధ, ఇంటికి ఆసరా అవుతున్నామన్న తృప్తి రెండూ ఒకే నోట వచ్చాయి. వీళ్లను ఏ అవునూ కాదుల గడిలో పెట్టగలం?

దెబ్బల సంగతీ ఇదే అధ్యయనంలో బయటపడింది. ఎనిమిదేళ్ల పిల్లల్లో పదిమందికి తొమ్మిది మందికి పైగా, గడిచిన వారంలో అయ్యవారు ఎవరినో కొట్టడం చూశామన్నారు. దెబ్బలు తిన్న పిల్లలు లెక్కల్లో వెనకబడ్డట్టు ఈ అధ్యయనం జరిగిన కొన్నిచోట్ల తేలింది. కొడితేనే చదువొస్తుందనే పెద్దలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి.

మరి ఈ పిల్లలను బడిలో ఎవరు ఆదుకోవాలి? బీహార్‌లోని నాలందా జిల్లాలో 74 ఉన్నత పాఠశాలల్లో ఈ ప్రశ్ననే పరీక్షించి చూశారు. సచిన్ షిందే, విక్రమ్ పటేల్ బృందం 2018లో ఆ ఫలితాలు ప్రకటించింది. కొన్ని బడుల్లో ఉన్న ఉపాధ్యాయులకే పని అప్పగించారు. అక్కడ మార్పేమీ రాలేదు. మరికొన్నిటిలో 'సెహర్ మిత్ర' అనే పేరుతో ప్రత్యేకంగా ఒకరిని పెట్టారు. అక్కడ బడి వాతావరణం బాగుపడింది, పిల్లల్లో దిగులు తగ్గింది, ఏడిపించడం, కొట్టుకోవడం తగ్గాయి.

2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 ఉంది, మంచిదే. కానీ బడిలో యూనిఫాం గురించి సిగ్గుపడే పిల్ల ఫోన్ చేసి ఆ మాట చెప్పదు. రోజూ కనిపించే మనిషి కావాలి. నాలందాలో ఆ పని చేసినవాళ్లు డాక్టర్లు కారు, మానసిక నిపుణులు కారు. శిక్షణ తీసుకున్న మామూలు మనుషులు. డిగ్రీ చేసి కొలువు కోసం ఎదురుచూసే ఆడపిల్లలు, మగపిల్లలు కౌడిపల్లిలో తక్కువేమీ లేరు.