బ్రేకుల కథ: డ్రమ్ము నుండి డిస్కు వరకు

అవుకు నుండి నంద్యాల మీదుగా గిద్దలూరు పోవు కారు నల్లమల ఘాటును దాటవలెను. పల్లమున ఇంజను కంటె బ్రేకే ముఖ్యము. 1500 కిలోగ్రాముల కారు 300 మీటర్ల ఎత్తు దిగినచో 44 లక్షల జౌళ్ల శక్తి వెలువడును. 15 లీటర్ల నీటిని మరగించుటకు అది చాలును. వేగమును బ్రేకులే అదుపు చేసినచో ఈ శక్తిలో అధికభాగము వాటియందు వేడిగా మారును.

బ్రేకుల చరిత్రలో చిక్కులు రెండు: బలమును చక్రములకు సమముగా పంచుట, వేడిని వదలించుట. తొలి కార్లలో కడ్డీలు, తీగలు బ్రేకులను లాగెడివి. బలము సమముగా అందెడిది కాదు. ద్రవములో పీడనము అన్ని దిక్కులకు సమముగా వ్యాపించునను పాస్కల్ నియమము మొదటి చిక్కును విడదీసినది. 1921లో ఉత్పత్తి ఆరంభమైన డ్యూసెన్‌బర్గ్ కారులో నాలుగు చక్రములకును ద్రవ బ్రేకులుండెను.

1957లో మన దేశమున వెలువడిన అంబాసిడరుకును ద్రవ బ్రేకులే. కాని నాలుగును డ్రమ్ములే. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమగును. లైనింగు ఘర్షణయు తగ్గును. అప్పుడు పెడలు ఎంత తొక్కినను బండి సరిగా ఆగదు.

లాంచెస్టర్ 1902లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు పొందెను. 1953 లె మాన్ పందెమున డిస్కు బ్రేకుల జాగ్వార్ నెగ్గిన పిమ్మట దాని విలువ లోకమునకు తెలిసినది. డిస్కు గాలికి తెరచియుండుటచే త్వరగా చల్లారును.

అయితే పాత కారు ముందు చక్రములకు డిస్కులు బిగించినంత మాత్రమున పని తీరదు. తిరుగు డ్రమ్ము షూను తనవైపు లాగుకొని బ్రేకుకు సాయపడును. డిస్కులో ఆ సాయము లేదు. కనుక మాస్టరు సిలిండరు, బూస్టరు దానికి తగినవై యుండవలెను. వెనుక చక్రములు ముందుగా బిగిసినచో బండి అడ్డము తిరుగును. ఇన్ని చేసినను ఘాటును తక్కువ గేరులోనే దిగవలెను. అప్పుడు బ్రేకుల భారమును ఇంజను కొంత మోయును.