రాతి మీది రాతకు పాట జవాబు

స్లైమ్ 1979లో ఉత్తర జర్మనీ రేవు పట్టణం హాంబర్గ్‌లో పుట్టిన పంక్ బృందం. మొదట్లో బ్రిటిష్ పంక్ ప్రభావం ఎక్కువ. పోనుపోను పాటల వేగం పెరిగి అమెరికన్ హార్డ్‌కోర్ ధాటి వచ్చింది. గాయకుడు డిర్క్ యోరా, ఎల్ఫ్ పేరుతో అందరికీ తెలిసిన గిటారిస్టు మిషాయెల్ మాయర్, డ్రమ్మర్ ష్టెఫాన్ మాలర్ ఇందులో ముఖ్యులు. వీళ్లు ఎక్కువగా జర్మన్‌లోనే రాశారు. పోలీసులనూ ప్రభుత్వాన్నీ వీధి భాషలో తిట్టిపోశారు. 1981లో వచ్చిన తొలి ఆల్బమ్‌లోని ‘డాయిచ్‌లాండ్’ అనే పాట బృందం కన్నా ఎక్కువ పేరు తెచ్చుకుంది.

ఆ పాటకు మూలం హాంబర్గ్‌లోనే, డామ్‌టోర్ రైల్వే స్టేషన్ దగ్గరే ఉంది. 76వ పదాతి దళంలో చనిపోయిన సైనికుల పేరిట నాజీల కాలంలో, 1936లో అక్కడ ఓ భారీ రాతి స్మారకం కట్టారు. శిల్పి రిషార్డ్ క్యూల్. చుట్టూ కవాతు చేస్తున్న సైనికులు. పైన చెక్కిన వాక్యం హైన్‌రిష్ లెర్ష్ 1914లో రాసిన కవితలోది. తాము చావవలసి వచ్చినా సరే జర్మనీ బతకాలన్నది దాని భావం. స్లైమ్ పల్లవి ఆ వాక్యాన్ని తలకిందులు చేసింది: తాము బతకాలంటే చావవలసింది జర్మనీయే. స్మారకం సంగతి తెలియనివారికి ఇది ఉత్త దేశద్రోహంలా వినిపిస్తుంది. తెలిసినవారికి వెటకారంలా వినిపిస్తుంది. ఆ రాయి మీద కోపం పంక్‌లకే పరిమితం కాలేదు. 1980లలో నగర పాలకులే దాని పక్కన యుద్ధ వ్యతిరేక స్మారకం పెట్టాలని ఆస్ట్రియా శిల్పి ఆల్ఫ్రెడ్ హర్‌డ్లిచ్కాకు పని అప్పగించారు. అదీ సగంలోనే ఆగింది.

‘యాంకీస్ రౌస్’ ఆల్బమ్ 1982లో, ‘అల్లె గెగెన్ అల్లె’ 1983లో వచ్చాయి. పేరు పెరిగేకొద్దీ, అమ్ముడుపోయారంటూ సొంత అభిమానులే నిందించడం మొదలైంది. పంక్ లోకంలో ఇంతకు మించిన తిట్టు లేదు. 1984లో బృందం విడిపోయింది.

1990లలో మళ్లీ కలిసేనాటికి జర్మనీ ఏకమైంది. వలస వచ్చినవారిపై దాడులూ మొదలయ్యాయి. 1992లో రోస్టాక్‌లో శరణార్థుల వసతి భవనాన్ని మూక ముట్టడించింది. అదే ఏడాది మ్యోల్న్‌లో ముగ్గురు, మరుసటి ఏడాది జోలింగెన్‌లో అయిదుగురు టర్కీ మూలాలవారు ఇళ్లకు పెట్టిన మంటల్లో చనిపోయారు. 1994 నాటి ‘ష్వైనెహెర్బ్‌స్ట్’ ఈ పరిస్థితికి ప్రతిస్పందన. స్లైమ్ ఆల్బమ్‌లలో నిలిచేది ఇదే. తిట్టుతో సరిపెట్టకుండా, ఏం జరుగుతోందో చూసి రాశారు. ఆ ఏడాదే బృందం రెండోసారి విడిపోయింది.

స్లైమ్ రంగం మీద లేని కాలంలోనే పాత పాట కోర్టుకెక్కింది. 1997లో బెర్లిన్‌లోని ఒక సభలో ‘డాయిచ్‌లాండ్’ వేసినందుకు, రాజ్యాన్ని కించపరిచాడంటూ ఒక వ్యక్తిని కింది కోర్టు శిక్షించింది. పై కోర్టూ సమర్థించింది. 2000 నవంబరు 3న రాజ్యాంగ న్యాయస్థానం ఆ శిక్షను తప్పుపట్టింది. పాటలోని మాటలను ఉన్నవి ఉన్నట్టు తీసుకోకూడదనీ, అది కళ అనీ, స్మారకం మీది రాతకు జవాబుగా దాన్ని చదవాలనీ చెప్పింది. జర్మనీని శపించే, జర్మన్ కవి హైనె కవిత ‘సైలీసియా నేతగాళ్లు’ ప్రస్తావనా తీర్పులో ఉంది. న్యాయమూర్తులు పంక్ పాటను ఇంత శ్రద్ధగా చదవడం అరుదు.

2010లో స్లైమ్ మళ్లీ వేదికెక్కింది. 2011లో, అంటే ముప్పై ఏళ్ల తర్వాత, తొలి ఆల్బమ్‌ను పిల్లలకు హానికరమైన రచనల జాబితాలో చేర్చారు. కారణం పోలీసులను తిట్టే పాటలు. 2012 ఆల్బమ్‌కు 1934లో ఒరానియెన్‌బుర్గ్ శిబిరంలో నాజీలు చంపిన అరాచకవాద కవి ఎరిష్ మ్యూజామ్ కవితలను తీసుకున్నారు. 2020లో యోరా తప్పుకున్నాడు. అతని స్థానంలో వచ్చిన టెక్స్ బ్రాస్కెట్‌తో 2022లో ‘జ్వై’ ఆల్బమ్ వెలువడింది.